పిట్టల కాళ్లతో కొలిచిన పొలం

ఒక పక్క సముద్రం. ఇంకో పక్క డెబ్బై దాటిన ఒంటరి ఆడమనిషి. మధ్యలో ఎకరన్నర నేల. దాని కోసం ఇరవై ఏళ్లు సాగిన మహాసంగ్రామం. చదువుతుంటే ఒళ్లు గగుర్పొడిచే గాథ ఇది.

ఇలా మొదలుపెట్టాలని చాలా ఆశపడ్డాను. కానీ సంగ్రామమేమీ జరగలేదు. సముద్రం వచ్చి పొలంలో కూర్చుంది. ఆవిడ కూడా వచ్చి ఎదురుగా రోడ్డు పక్కన నీలం ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుంది. మధ్యమధ్యలో టిఫిన్ డబ్బా తెరిచి ఉప్మా తినేది. సముద్రం ఏమీ తినేది కాదు. ఇరవై ఏళ్లలో జరిగిందంతా ఇంతే.

ఆవిడ పోయిన సంగతి మా పిట్టలు చూసేవాళ్ల వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఎవరో లకుముకి పిట్ట ఫొటో పెట్టారు. దాని కిందే ఇంకొకరు హిందీలో ‘స్టూల్ వాలీ నానీ గుజర్ గయీ’ అని, అంటే స్టూలు అమ్మమ్మ పోయిందని రాశారు. ఆ వెంటనే మూడోవాడు చప్పట్ల బొమ్మ పెట్టాడు. అది లకుముకి పిట్టకని తర్వాత సంజాయిషీ ఇచ్చుకున్నాడు. ఆవిడ చూసి ఉంటే నవ్వేది. ఆవిడకి స్మార్ట్‌ఫోన్ లేదు కాబట్టి బతికి ఉన్నా చూసేది కాదు.

గ్రూపులో ఎవరికీ ఆవిడ పేరు తెలీదు. నాకు తెలుసు. ఇక్కడ రాయడం లేదు. రాస్తే, “నా పేరుతో నీకేటి పనిరా?” అని అడిగి ఉండేది.

పోర్ట్‌బ్లెయిర్ నుంచి సిప్పీఘాట్ వైపు వెళ్తే రోడ్డుకి రెండు పక్కలా నీళ్లు మెరుస్తుంటాయి. టూరిస్టులు టాక్సీలు ఆపి, ఎంత చక్కటి సరస్సు అనుకుంటూ ఫొటోలు దిగుతారు. అది సరస్సు కాదు, కూరగాయల తోట. సునామీ నాడు భూకంపానికి ఇక్కడి నేల నడుం లోతు దిగబడిపోయింది. పెద్ద కెరటం వచ్చి వెళ్లిపోయింది, కానీ ఆ తర్వాత ప్రతి పోటుకీ ఉప్పునీళ్లు పొలాల్లోకి రావడం మొదలైంది. పాటులో నీళ్లు వెనక్కి తగ్గినా పూర్తిగా పోలేదు. వరిచేలు బురద మడుగులయ్యాయి. ఎక్కడో సైబీరియా నుంచి ఎగిరొచ్చే చలికాలపు పిట్టలకి ఈ కబురెలా తెలిసిందోగాని, మరుసటి ఏడు నుంచి గుంపులుగా దిగాయి. వాటి వెనకే దుర్భిణులు మెళ్లో వేసుకుని మేం దిగాం.

నేను గ్రూపులో చేరిన మొదటి ఆదివారం మా టీమ్ లీడరు నాకు అట్ట, పెన్ను, ఒక ఫారం ఇచ్చాడు. ఆయన కాలేజీలో జువాలజీ చెప్తాడు, అందరం సర్ అంటాం. నాకు దుర్భిణి లేదు కాబట్టి నాది రాతపని. ఏ పిట్ట, ఎన్ని, ఎక్కడ అని మూడు గళ్లు. ఒక ఎర్రకాళ్ల పిట్ట మా అందరినీ వెర్రివాళ్లని చేసి ఎటో మాయమైంది. వెనక స్టూలు మీంచి తెలుగులో ఒక గొంతు వినిపించింది.

“బెండ సాళ్లు దాటి సూడు. వంగ మడి గట్టు మీదున్నాడు.”

చూస్తే అక్కడ బెండా లేదు, వంగా లేదు, గట్టూ లేదు. ఒకటే నీళ్లు. కానీ వేలు చూపించిన చోట పిట్ట ఉంది. ‘ఎక్కడ’ అన్న గడిలో నేను నిజాయితీగా ‘వంకాయ’ అని ఇంగ్లీషులో రాశాను. సాయంత్రం సర్ ఆ కాగితాన్నీ, నన్నూ చాలాసేపు మార్చిమార్చి చూశాడు.

మాది చేపలు పట్టే కుటుంబం, ఉండేది జంగ్లీఘాట్‌లో. ఆవిడ ఉండేది మాకు రెండు సందుల అవతల, కూతురింట్లో. ఇన్నేళ్లూ రెండు సందుల దూరంలో ఉన్న మనిషిని, అబర్డీన్ బజార్‌లో బస్సెక్కి ఊరు దాటి వెళ్లి పరిచయం చేసుకున్నాను. ఈ మాట చెప్తే, “మీ సేపలోళ్లకి ఏదైనా దూరం ఎల్తేనే దొరుకుతాది” అంది. ఆ రోజు నుంచి నేను మామ్మా అనేవాణ్ని. ఆవిడకి నేను బావు. కోపం వస్తే చేపలోడు.

ప్రతి ఆదివారం తెలుగు చర్చిలో మొదటి ఆరాధన అవగానే ఆ తెల్లచీరతోనే వచ్చేసేది. నల్లగొడుగు, టిఫిన్ డబ్బా, క్యారీబ్యాగులో బైబిలు. స్టూలు మాత్రం అక్కడి టీ కొట్టులోనే ఉండేది. కొట్టువాడు దాని మీద ఇంకెవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు. ఒకసారి పెద్ద ఆఫీసరు ఎవరో కూర్చోబోతే, అది విరిగిందని చెప్పాడట. ఆఫీసరు నిలబడే టీ తాగాడు.

పిట్టలకి ఆవిడ పెట్టుకున్న పేర్లు మా పుస్తకాల్లో లేవు. పెద్ద తెల్లకొంగ జానెడోడు. ఎర్రకాళ్ల రెడ్‌షాంక్ బెత్తెడోడు. బూడిదరంగు వీపుతో పిడికిలంత ఉండే శాండ్ ప్లవర్ రెండు వేళ్లోడు. అన్నిటికన్నా చిన్నది గోరంతోడు. వంకర ముక్కున్న వింబ్రెల్‌కి బెత్తెడు మీద రెండు వేళ్లోడని పేరు. పిలిచేలోపు ఎగిరిపోయేది. ముక్కు, రెక్క, రంగు, కూత, ఏదీ ఆవిడకి అక్కర్లేదు. ఒకసారి ఈ దీవుల్లో ఎప్పుడో గాని కనిపించని పిట్ట ఒకటి దిగింది. ఇద్దరు సీనియర్లు కౌగిలించుకున్నారు. ఆవిడ ఉప్మా నములుతూ, “కాలెంత?” అని అడిగింది. బెత్తెడు ఉండొచ్చన్నాను. “బెత్తెడోళ్లు మనకి సాలామంది ఉన్నారు” అని డబ్బా మూత పెట్టేసింది.

సర్‌కి ఆవిడంటే ఎంతో గౌరవం. చదువు లేకపోయినా ప్రకృతి మీద ఇంత ప్రేమేమిటని మాకందరికీ ఉపన్యాసం ఇచ్చేవాడు. ఒక ఆదివారం పిట్ట బొమ్మ ఉన్న టోపీ తెచ్చి, రెండు చేతులా అందించబోయాడు. ఆవిడ టోపీని తిప్పి చూసి, మనవడికి సరిపోతుందా అని హిందీలో అడిగి తీసుకుంది. ఆయన వెళ్లాక నాతో అంది.

“పిట్టలు నాకేటికిరా బావూ. నాను నా ఖేత్, నా పొలం సూసుకుంటన్నాను. నీల్లలో దిగి కర్ర గుచ్చి కొలుద్దారంటే మొసళ్లున్నాయని దిగనివ్వరు. ఆటి కాళ్లే నా కర్రలు.”

అప్పుడు అర్థమైంది. ఆవిడ చూసేది ఏ పిట్ట వచ్చిందని కాదు, ఏ కాలు ఎక్కడ నిలబడగలిగిందని. జానెడు కాలు మునగకుండా నిలిచిన చోట నీళ్లు జానెడులోపే. బెత్తెడు కాలు నిలిస్తే బెత్తెడులోపే. కొండల మట్టి వానకి కొట్టుకొచ్చి పొలంలో పేరుకుంటోందని, నేల ఏటికేడాది పైకి లేస్తోందని ఆవిడ నమ్మకం. ఏడాదికోసారి, జనవరి పౌర్ణమి దాటాక నీళ్లు బాగా తగ్గే రోజున, పొలానికి నడిమధ్య ఉన్న వంగ మడిలో ఎంత చిన్న కాలు నిలబడిందో చూసుకునేది. అక్కడే ఎందుకంటే, తోట మొత్తంలో అదే పల్లం. అక్కడ రెండు వేళ్లోడు కాళ్లు తడవకుండా నిలబడ్డ రోజున పొలం తిరిగొచ్చినట్టు. మేం అంతర్జాతీయ పద్ధతిలో చలికాలపు లెక్క తీస్తుంటే, పక్కన స్టూలు మీద ఇంకో సర్వే నడుస్తోందన్నమాట. దానికి ఫారం కూడా లేదు.

ఈ నమ్మకానికి శత్రువు ఒకరున్నారు. మాయాబందర్‌లో ఉండే ఆడబడుచు. అదే భూకంపానికి ఉత్తరాన కొన్ని చోట్ల నేల పైకి లేచింది. ఆ ఆడబడుచు ఇంటి ముందు సముద్రం నాలుగడుగులు వెనక్కి తగ్గిందట.

“దానికెప్పుడూ అంతే” అనేది మామ్మ. “దేవుడు నేల ఎత్తాలన్నా దాని గుమ్మం కాడే ఎత్తుతాడు.”

ఆడబడుచు పంపిన అరటిపళ్లు నాకిచ్చేసేది. మా నేల తిని బలిసిన పళ్లు, నేను ముట్టను అనేది. నేను ముట్టేవాణ్ని. ఎవరి నేల తిన్నా పళ్లు బావుండేవి.

పొలం వస్తే ఏం వేస్తావని నేను ప్రతి చలికాలమూ అడిగేవాణ్ని. సునామీ అయిన కొత్తలో కొబ్బరి వేద్దామనుకుందట. నేను కలిసేనాటికి అది అరటి అయింది. తర్వాత వంగ. ఆ తర్వాత బెండ. ఒక్కో ఏడాదికీ పంట కాలం తగ్గుతోందని నాకు చాలా ఆలస్యంగా వెలిగింది. వెలిగాక అడగడం మానేశాను.

ఇక ఆ రోజు. కిందటేడు జనవరి, ఆదివారం. మా చలికాలపు లెక్కా, ఆవిడ కొలతా ఒకే రోజు పడ్డాయి. మధ్యాహ్నం మూడున్నరకి నీళ్లు బాగా తగ్గాయి. సర్, తక్కినవాళ్లు రోడ్డుకి అటుపక్క లెక్క పెడుతున్నారు. ఇటుపక్క స్టాండు మీద పెద్ద దుర్భిణితో నేను, స్టూలు మీద ఆవిడ. ఆ ఏడాది ఆవిడకి చూపు తగ్గింది. దూరాన ఏదో కదులుతోందని తెలుస్తుంది గాని అదేమిటో ఆనదు.

“వంగ మడిలో ఎవుడున్నాడు?”

చూశాను. పిడికిలంత ఒళ్లు, బూడిదరంగు వీపు, నిటారుగా నిలబడ్డాడు.

“రెండు వేళ్లోడు” అన్నాను.

ఆవిడ స్టూలు మీంచి లేచింది. పోటు తిరిగి రాకముందు ఆవిడ స్టూలు దిగడం నేనెప్పుడూ చూడలేదు.

“కాలు తడిసిందేటి?”

“లేదు మామ్మా. తడవలేదు.”

అది నిజం. నిజంలో కొంత భాగం. వాడి కాళ్ల కింద తెల్లగా, తిన్నగా ఒక అంచు ఉంది. అది థర్మాకోల్ చేపల పెట్టె. జంగ్లీఘాట్ రేవులో ఐసు, చేపలు నింపే అలాంటి పెట్టెల మధ్యే నేను పెరిగాను. మా ఇంట్లో బియ్యం కూడా అందులోనే పోస్తారు. పిట్టకన్నా ముందు పెట్టెనే గుర్తుపట్టాను.

ఇలాంటివి చెప్పేయడమే నా అలవాటు. మా అక్క అప్పగింతల్లో అందరూ ఏడుస్తుంటే, మైకు ఆన్‌లోనే ఉంది, వీధంతా వింటోందని చెప్పింది నేనే. ఆ రోజు మాత్రం ఇంకో నిమిషం ఆగి చెబుదామనుకున్నాను. ఆ నిమిషంలో ఆవిడ క్యారీబ్యాగు తెచ్చి నా చేతిలో పెట్టింది.

“పట్టుకో.”

ప్రార్థన చేసుకుంటుందేమో అనుకున్నాను. చెప్పులు విడిచి స్టూలు పక్కన జతగా పెట్టింది. చీర కుచ్చెళ్లు ఎత్తి బొడ్లో దోపుకుంది. గట్టు దిగి బురదలోకి నడిచింది. పక్కనే మొసళ్లున్నాయన్న బోర్డు ఉంది. దాని ముందు నుంచే వెళ్లింది. ఒక అడుగుకి చీలమండ మునిగింది. రెండో అడుగుకి పిక్క మునిగింది. ఎదర ఇంకా చాలా బురద ఉంది.

“మామ్మా, ఆగు. వాడు నేల మీద లేడు. చేపల పెట్టె మీదున్నాడు.”

ఆగింది. వెనక్కి తిరగలేదు. పిక్కల చుట్టూ బురద బుడగలేసింది.

“నీకు ఎప్పుట్నుంచి తెలుసు?”

“మొదట్నుంచీ.”

ఏడుస్తుందనుకున్నాను. అలాంటప్పుడు వాడడానికి నా దగ్గర రెండు జోకులు సిద్ధంగా ఉంటాయి. రెండింటినీ లోపల్లోపలే చెప్పి చూసుకున్నాను. రెండూ బాలేవు.

“పిట్ట గెంతితే పెట్టె ఊగుతందా?” అని అడిగింది, అటు తిరిగే.

దుర్భిణిలో చూశాను. రెండు వేళ్లోడు ఒక అంచు నుంచి రెండో అంచుకి గెంతి, దేన్నో పొడుచుకుని తిన్నాడు. పెట్టె కదల్లేదు.

“ఊగట్లేదు.”

“అయితే తేల్తలేదు. బురద నిండి అడుగు నేలకి ఆనింది.” కాస్త ఆగింది. “ఆ పెట్టె ఎత్తెంత? మీ జంగ్లీఘాట్ పెట్టే గదా.”

పుట్టి బుద్ధెరిగాక నేను చదివిన చదువులోంచి నన్నెవరైనా ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

“జాన మీద బెత్తెడు. అంటే నాలుగు బెత్తెలు.”

“పైకెంత అవుపిస్తంది?”

అక్కడ స్కేలు లేదు. ఉన్నది పిట్ట కాలు. పెట్టె నీళ్ల పైకి ఎంతుందో ఆ కాలుతోనే కొలిచాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

“వాడి కాలుకి నాలుగింతలు. ఎనిమిది వేళ్లు.”

“ఎనిమిది వేళ్లంటే రెండు బెత్తెలు. నాలుగు బెత్తెల పెట్టె, రెండు బెత్తెలు పైకుంది. నీల్లు రెండు బెత్తెలు.” ఇప్పుడు నా వైపు తిరిగింది. మొహం మీద కూడా బురద చింది ఉంది. “పోయినేడు జాన, అంటే మూడు బెత్తెలు. ఒక్క ఏడులో బెత్తెడు దిగింది బావూ.”

నేనేదో పెద్ద సూదితో పొడిచాననుకుంటే, ఆవిడ ఆ సూదినే కొలకర్ర చేసుకుంది. ఆ లెక్కలో ఒక లొసుగు ఉంది. పడవల్లో ఆ పెట్టెలు ఒకదాని మీద ఒకటి పెట్టి తాడుతో కడతారు. కొట్టుకొస్తే జంటగానే కొట్టుకొస్తాయి. పెట్టె కింద ఇంకో పెట్టె ఉంటే నీళ్లు రెండు బెత్తెలు కాదు, ఆరు. ఈ మాట గొంతు దాకా వచ్చింది. జీవితంలో మొదటిసారి దాన్ని మింగాను. రుచి ఏమంత బాలేదు.

ఆవిడ ఒక కాలు పైకి వచ్చింది, రెండోది రాలేదు. సర్ పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరం చెరో చెయ్యీ పట్టి లాగాం. లోపలికి ఎందుకు దిగావు నానీ అని ఆయన రొప్పుతూ అడిగాడు. లెక్క అయ్యాక కనిపించిన ప్లాస్టిక్ చెత్తంతా ఏరడం మా గ్రూపు నియమం. ఆయన చూపు అప్పటికే పెట్టె మీద పడింది, ఫారంలో చెత్త కింద రాయించబోయాడు. ఆవిడ బురదచేత్తో ఆయన చెయ్యి పట్టుకుని, “ఉసే ఛూనా మత్” అంది, దాన్ని ముట్టుకోవద్దని. ఆయన పెట్టె మీదున్న పిట్ట కోసమనుకున్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నేను సరిదిద్దలేదు. ఆ రోజుకి ఇది రెండోది, అలవాటైపోతుందేమోనని భయం వేసింది.

తర్వాత స్టూలు మీద కూర్చుని, చేతులు నీళ్లతో కడుక్కుని, బైబిలు అడిగింది. చివర ఖాళీ పేజీ తెరిచింది. అందులో వరసగా నిలువు గీతలు, పెన్సిలుతో. ఒక్కోటీ ఒక్కో ఏడాది. మొదటి గీతకి పేజీ చాలక, ఇంకో కాగితం అంటించి మడత పెట్టింది. తర్వాతి గీతలు కొద్దికొద్దిగా పొట్టి. మధ్యలో ఆరేళ్లు ఒకే పొడవు. నా పెన్ను తీసుకుని, చివరి గీత పక్కన రెండు బెత్తెలు వేళ్లతో కొలిచి, గీసింది.

“తోటకూర ఏత్తాను” అంది గీత మీద ఊదుతూ. “నెల్రోజుల్లో కోతకొచ్చేత్తాది.”

నేను అడగలేదు. ఆవిడే చెప్పింది.

ఆ వానాకాలంలో, జ్వరంతో నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉండి, కన్నుమూసింది. సమాధి దగ్గర తెలుగు పాటలు పాడారు. సర్ కూడా వచ్చాడు, ఒక్క ముక్క అర్థం కాకపోయినా చివరిదాకా నిలబడ్డాడు. ఆవిడ పక్షుల కోసం బతికిందని నాతో అన్నాడు. అవునన్నాను.

ఈ జనవరిలో పౌర్ణమి దాటాక, పెద్ద పాటు రోజున వెళ్లాను. అది లెక్క రోజు కాదు, ఆదివారమూ కాదు. ఆఫీసుకి కడుపునొప్పి అని చెప్పాను. వంగ మడిలో బెత్తెడోడు నిలబడి ఉన్నాడు. వాడి కింద పెట్టె లేదు, దుంగ లేదు, ఏమీ లేదు. ఎర్రటి కాలులో సగం నీళ్ల పైనే కనిపిస్తోంది. వాడు ఎగిరిపోతాడేమోనని గంటసేపు కన్ను తీయలేదు. ఎగరలేదు. అటూ ఇటూ నడిచాడు. మడి పొడవునా నడిచాడు. ఎక్కడా మునగలేదు.

సాయంత్రం రెండు సందులు దాటి మామ్మ కూతురింటికి వెళ్లి ఈ సంగతి చెప్పాను. కూతురు గవర్నమెంటు ఆఫీసులో క్లర్కు, పొలమంటే ఎప్పుడూ విసుక్కునే మనిషి. తలుపు పట్టుకునే అంతా విన్నది.

“అయితే తోటకూర ఎయ్యొచ్చా?” అని అడిగింది.

నాకు తెలీదు. వ్యవసాయ శాఖలో పనిచేసే స్నేహితుడున్నాడు, వాణ్ని అడిగాను. నీళ్లు పోయినంత మాత్రాన ఏదీ మొలవదన్నాడు. ముందు గట్టు పోయాలి, రెండు మూడు వానాకాలాలు మంచినీళ్లు నిలగట్టి ఉప్పు కడగాలి, ఆపైన జిప్సం చల్లాలి. జిప్సం స్థానికంగా స్టాకు లేదు, చెన్నై నుంచి షిప్పులో రావాలి. కావలసినవాళ్లు పొలం కాగితాల జిరాక్సు జతచేసి, మార్చిలోపు దరఖాస్తు ఇవ్వాలి.